పక్క సందు వైపు గేటు

నందిగామ,
12 జూన్ 2025

చి. కృష్ణప్రియకు మామయ్య ఆశీర్వదించి రాసేది.

ఈ పై వరస రాయడానికే ఒక కాగితం పాడయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ పేరు ముందు ‘చి.ల.సౌ.’ అని రాసిన చెయ్యి ఇది. అలవాటుగా ‘ల’ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ కాగితం చింపేసి ఇది మొదలుపెట్టా. ఏమీ అనుకోకు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే ఏమవుతోందో నీకూ తెలుసు. నువ్వు ‘మామయ్యగారూ’ అంటావు, నేను ‘ఆఁ, చెప్పమ్మా’ అంటా, ఆ పైన ఇద్దరం వానల సంగతి రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తాం. మీ అత్తయ్య పక్కనుంచి ‘ఏమంటోంది, ఏమంటోంది’ అని నా భుజం ఊపేస్తుంది. మన ప్రేమదాసు ఎటూ ట్రాలీ ఆటోలో జగ్గయ్యపేట కొట్లకి సరుకు వేసుకొస్తూనే ఉంటాడు. మేకుల డబ్బాలతో పాటు ఉత్తరాన్నీ మోస్తానన్నాడు. దీనికి కిరాయి కూడా అడగలేదు, వాడి పుణ్యమా అని.

అసలు విషయానికి వస్తా. మా వాడు రాజేష్ సంవత్సరీకాలు అయిపోయాయి. నువ్వు మీ అన్నయ్య కిషోర్ ఇంట్లో ఉండి సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం చేసుకుంటున్నావు, సంతోషమే. కానీ అది మీ అన్నయ్య ఇల్లు. నువ్వూ, మన మనవరాలు సాయీ హాల్లో దివాన్ మీద పడుకుంటున్నారని ప్రేమదాసు చెప్పాడు. అది విన్న దగ్గర్నుంచి మీ అత్తయ్యకి అన్నం సయించట్లేదు. మన పెరడు ఊరికే పడి ఉంది. ములగ చెట్టుకీ బట్టలుతికే బండకీ మధ్య ఒక చిన్న ఇల్లు వేద్దామని అనుకుంటున్నాం. ఒక గది, వంటిల్లు, బాత్రూము, ముందు కాస్త వసారా. నీకూ సాయికీ. ఫ్యాక్టరీ బస్సు మన ఊరి నుంచి కూడా ఉందిగా.

భవానీప్రసాద్ అని ఒక ఇంజినీరు ఉన్నాడు, పిలిపించా. టేపు పెట్టి అటూ ఇటూ కొలిచి, మంచినీళ్ళు తాగి, ‘ప్లానుకి ఇరవై రెండు వేలవుతుందండి’ అన్నాడు. ఇంటికి కాదమ్మా, ప్లానుకి! కాగితానికి! జన్మంతా ఇనప కొట్టు నడిపినవాణ్ణి. మేకైనా తూచి ఇస్తా. గీతని ఎట్లా తూచాలి చెప్పు? మీ ఫ్యాక్టరీలో తెలిసినవాళ్ళు ఉంటే కనుక్కుని రాయి. పెరటి ఇంటి ప్లానుకి నిజంగానే ఇంతవుతుందా, లేక ఈ అబ్బాయి నాకు టోపీ పెడుతున్నాడా?

ఇంకొకటి. బేరం తెగేదాకా ఏ సంగతీ కాగితం మీద పెట్టకపోవడం మా నాన్న నుంచి వచ్చిన అలవాటు నాకు. ఇది మాత్రం తెగకముందే రాసేస్తున్నా. దాన్నిబట్టి చూసుకో, ఎంత ఆశగా ఉందో.

సాయికి మీ అత్తయ్య ముద్దులు. రెండు ములక్కాడల కట్టలు కూడా వస్తున్నాయి, ప్రేమదాసు దగ్గర మర్చిపోకుండా తీసుకో.

వెంకటకృష్ణారావు


జగ్గయ్యపేట,
20 జూన్ 2025

మామయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరానికి ఒక మూల తుప్పు మరక అంటింది. సాయి దాన్ని వాసన చూసి ‘తాతయ్య కొట్టు’ అంది. ఆ తర్వాత దాన్ని ఇవ్వనని పేచీ. ములక్కాడలు వదిన పులుసు పెట్టింది. దివాన్ గురించి మీరు బెంగ పెట్టుకోకండి, వదిన మమ్మల్ని బాగానే చూస్తోంది.

ఫ్యాక్టరీ సివిల్ సెక్షన్‌లో వెస్లీ గారని ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన్ని అడిగాను. నవ్వారు. ‘ఎక్కువేం కాదమ్మా, అయితే ఆ డబ్బులో ఏమేం చేస్తాడో ముందు అడగమను’ అన్నారు. గదులు గీసేది ఒక కాగితమట. పిల్లర్లు ఎంత లోతు, ఏ మందం ఇనుము, స్లాబు బరువు ఎక్కడ ఆనుతుంది అని లెక్క కట్టేది వేరే కాగితమట. ప్రహరీ గోడకి ఎంత ఖాళీ వదలాలో చూసి నగర పంచాయతీ పర్మిషన్‌కి ఫైలు పెట్టడం ఇంకో పని. ఆఫీసులో కట్టే ఫీజు దీనికి బయట. ఇవన్నీ కలిపే ఆ డబ్బు చెప్పాడా, ఉత్త గదుల ప్లానుకే చెప్పాడా అనేది తేల్చుకోండి.

‘ఎన్ని మార్పుల దాకా అదే డబ్బులో చేస్తాడో కూడా అడగమను’ అన్నారు వెస్లీ గారు. ‘గీతలకి డబ్బులేంటని అందరూ పోట్లాడతారు గానీ, అసలు ఖర్చు గీతలకి కాదమ్మా, మనసు మార్చుకున్నప్పుడల్లా అయ్యేదే’ అన్నారు.

మామయ్యగారూ, ఒక్క మాట. ఇంట్లో మా గది ఉంది కదా. మీ ఇద్దరే ఉంటున్నారు కదా అంత ఇంట్లో. మళ్ళీ పెరట్లో వేరే ఇల్లు ఎందుకు? నేను అడగకూడదేమో. మీ ఇష్టం.

కృష్ణప్రియ


నందిగామ,
9 జూలై 2025

చి. కృష్ణప్రియకు ఆశీస్సులు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే భవానీప్రసాద్ ఆఫీసుకి వెళ్ళా. ‘పిల్లర్ల లెక్క ఇందులోనేనా? పర్మిషన్ ఫైలు ఇందులోనేనా? మార్పులెన్ని?’ అని వరసపెట్టి అడిగేసరికి కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు. ‘ఇవన్నీ మీకెవరు చెప్పారండీ?’ అన్నాడు. ‘మా కోడలోయ్. ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తుంది’ అన్నా. ఆ మాట అనేటప్పుడు నా గొంతు ఎంత పెద్దదయిందో నువ్వు వినాల్సింది.

బేరం ఆడకుండా ఉంటానా? పద్దెనిమిదికి దింపా. పైగా అతను కట్టించే ఇళ్ళకి కడ్డీలు కట్టే బైండింగ్ వైరు మన కొట్లోనే కొనేట్టు మాట తీసుకున్నా. గదుల ప్లాను, ఇనుము లెక్క, ఫైలు అన్నీ కలిపి. రెండు మార్పుల దాకా ఉచితం. అంతకు మించితేనే డబ్బులు.

మొదటి ప్లాను వచ్చింది. మంచం దుప్పటంత కాగితం. మీ అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని ‘ఇదేంటండీ, ప్రతి గుమ్మం దగ్గరా ఇట్లా గుండ్రంగా గీశాడు?’ అంది. తలుపు తెరుచుకునే దారట అది. చెప్పేసరికి ఆ గీత మీద వేలు పెట్టి, తలుపు తీసినట్టు నెమ్మదిగా తిప్పింది. ‘ఇదిగో, ప్రియ బయటికొచ్చింది’ అంది.

అప్పుడే ఒక మార్పు కూడా చేయించా. ముందు గీసిన దాంట్లో ఆ ఇంటికి దారి మన ఇంట్లోంచే పెట్టాడు. నాకు నచ్చలేదు. ప్రహరీ కొట్టి పక్క సందు వైపు వేరే గేటు పెట్టమన్నా. ఇక నువ్వు మన వీధి గుమ్మంలోంచి రావలసిన పనే లేదు! చూస్తే నువ్వే మెచ్చుకుంటావు.

ఆషాఢం కాబట్టి పని మొదలుపెట్టం. ఈలోపు కాగితాలు తెములుతాయి. మీ గది సంగతి అడిగావు. అది మనం ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాం.

వెంకటకృష్ణారావు


జగ్గయ్యపేట,
18 జూలై 2025

మామయ్యగారికి నమస్కారాలు.

‘వీధి గుమ్మంలోంచి రావలసిన పనే లేదు’ అని రాశారు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ల్యాబులో చెయ్యి ఒక పని చేస్తుంటే బుర్రలో అదే తిరుగుతోంది. కోపం వస్తే మీ దగ్గర దాచుకోవడం నాకు చేతకాదు. మీరే అలవాటు చేశారు.

మాఘమాసంలో సౌభాగ్యమ్మగారు వాళ్ళమ్మాయి పెళ్ళికి బొట్టు పెట్టి పిలవడానికి వచ్చారు, గుర్తుందా? ఆవిడ ఆటో దిగుతుండగానే అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చి ‘ప్రియా, నువ్వు కాసేపు లోపలి గదిలో ఉండమ్మా’ అన్నారు. ఉన్నాను. సాయి తలుపు కొడుతూ ‘అమ్మా, ఎందుకు దాక్కున్నావు?’ అని అడిగింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఇక్కడికి వచ్చేశాను. ఉద్యోగం కోసమన్నాను, మీరు నమ్మారు.

ఇప్పుడు పెరట్లో ఇల్లు. పక్క సందులో గేటు. శుభమా అని ఎవరైనా వీధి గుమ్మంలో అడుగు పెడితే నేను ఎదురు రాకుండా ఉండటానికేనా? అంత ఖర్చు ఎందుకు మామయ్యగారూ? నేను ఇక్కడే ఉన్నాను కదా, ఎదురు రావడం లేదు కదా.

అన్నయ్య సంబంధాలు చూస్తానంటున్నాడు. వద్దన్నాను. నాకు మనసు లేదు. కానీ ఏదో ఒక ఇంట్లో మనిషిలా ఉండాలని మాత్రం ఉంది. మీ మనసులో ఏముందో దాచకుండా రాయండి.

కృష్ణప్రియ


నందిగామ,
5 ఆగస్టు 2025

చి. కృష్ణప్రియకు.

ఎంత మాటన్నావమ్మా!

నీ ఉత్తరం కొట్లో చదివి, షట్టర్ సగానికి దించుకుని కూర్చున్నా. గిరాకీ వస్తే లేదు పొమ్మన్నా.

మీ అత్తయ్యని అడిగా, సౌభాగ్యమ్మ వచ్చిన రోజు సంగతి. పెరట్లోకి వెళ్ళి బట్టలుతికే బండ మీద కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. ఆవిడ తరఫున నేను సర్దిచెప్పను. చేసింది తప్పే.

ప్లానులో గేటు మాత్రం నేను పెట్టించా, దానికి నేను జవాబు చెప్పాలి. మీ గది ఉంది కదా అన్నావు. అది ఖాళీగా ఎక్కడుంది? వాడి చొక్కాలు వంకీలకి అట్లాగే ఉన్నాయి. మీ అత్తయ్య భోజనం కాగానే ఆ మంచం మీదే నడుం వాలుస్తుంది, దుప్పటి ఉతకనివ్వదు. ఆ గదిలో పడుకుంటే బతికినంత కాలం నువ్వు పోయినవాడి పెళ్ళానివే. నీకింకా ముప్ఫై రెండు నిండలేదు. ఇక వీధి గుమ్మం. అడుగు పెట్టగానే ఎదురుగా వాడి ఫొటో, దాని మీద దండ. ఆ దండ దాటుకుని నీ స్నేహితులెవరు నవ్వుతూ వస్తారు? నువ్వు డ్యూటీ దిగి ఆలస్యంగా వస్తే అరుగు మీద ఇద్దరు ముసలాళ్ళం ‘ఇంతసేపేంటమ్మా’ అంటాం. అనకుండా ఉండలేం, మా నోళ్ళు అట్లాంటివి. అందుకే వేరే గేటు. నీ గుమ్మం, నీ తాళం, నీ పేరు మీద కరెంటు మీటరు. నిన్ను పక్కకి నెట్టడానికి కాదు తల్లీ.

ప్లానులో రెండో మార్పు చేయించా. ఇంకో గది కలిపా. దాంతో పిల్లర్లన్నీ జరిగాయట, ఇనుము లెక్క మళ్ళీ మొదట్నుంచీ కట్టాలట, ఇది ఉచితంలోకి రాదట. ఇంకో తొమ్మిది వేలన్నాడు. ఇచ్చేశా. బేరం ఆడలేదు. భవానీప్రసాద్ రెండుసార్లు నా మొహం చూశాడు, ఒంట్లో బాగుందా అన్నట్టు.

ఆ గది ఎందుకో ఇప్పుడడగకు. తేలాక రాస్తా. నీ ఆధార్, సాయి ఆధార్ జిరాక్సులు ప్రేమదాసు చేతికివ్వు. వాటి సంగతీ తేలాకే రాస్తా. మా కొట్టు పద్ధతి నీకు తెలుసుగా.

వెంకటకృష్ణారావు


జగ్గయ్యపేట,
3 అక్టోబరు 2025

మామయ్యగారికి నమస్కారాలు.

ఇన్నాళ్ళు రాయనందుకు క్షమించండి. ప్రేమదాసు వచ్చినప్పుడల్లా ‘ఉత్తరం ఉందా అమ్మాయిగారూ’ అని అడిగి, లేదంటే తలూపి వెళ్ళిపోయేవాడు. అతన్ని చూడాలన్నా సిగ్గుగా ఉండేది.

గేటు గురించి మీరు రాసింది చదివి వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాను. మిమ్మల్ని అంత మాటన్నందుకు ఏడ్చాను. ఆ రోజే ‘వచ్చేస్తున్నా, ఇల్లు కట్టండి’ అని రాసేదాన్ని. కాగితం కూడా తీసుకున్నాను.

కానీ అన్నయ్య ఉత్తరం చివర చూశాడు. ‘రెండో గది ఎవరికే?’ అన్నాడు. నాకు తెలియదన్నాను. ‘పిల్ల ఆధార్ ఎందుకు అడుగుతున్నారు?’ అన్నాడు. తెలియదన్నాను. ‘నాకు తెలుసు. రేపు నీకు పెళ్ళయినా పిల్ల వాళ్ళ దగ్గరే ఉండాలి. అందుకే దానికో గది, దాని పేరు మీద కాగితాలు’ అన్నాడు. నేను అన్నయ్యతో పోట్లాడాను. మా మామయ్యగారు అట్లాంటివారు కాదన్నాను. ‘మరి ఎందుకో రాయొచ్చుగా?’ అన్నాడు. రోజూ మీ దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వస్తుందేమో, ఆ ఒక్క మాటా రాస్తారేమో అని చూశాను. ములక్కాడలు వచ్చాయి, మాట రాలేదు.

సాయి మీ రక్తం. మీ అబ్బాయి పోలిక. మీకు దాని మీద హక్కు లేదనను. కానీ మామయ్యగారూ, నాకున్నది అదొక్కతే.

మైలవరంలో చంద్రమౌళి గారని, మందుల షాపు నడుపుతారు. భార్య పోయి రెండేళ్ళయింది, పిల్లల్లేరు. అన్నయ్య తీసుకొచ్చాడు. ఆయన అందరిలాగా జీతమెంత అని అడగలేదు. సాయికి ఏ కూర ఇష్టమని అడిగారు. ‘పాప మీతోనే ఉంటుంది, ఆ మాటలో తేడా రాదు’ అన్నారు. సరేనన్నాను. భయంతో సరేనన్నానో, మనసుతో అన్నానో నాకే సరిగా తెలియదు. కార్తీకంలో అక్కడి గుళ్ళోనే పెళ్ళి, పదిమంది మధ్య.

ప్లాను ఆపెయ్యండి. మీ డబ్బు, మీ శ్రమ వృథా చేశాను. అత్తయ్యగారికి ఎట్లా చెబుతారో.

కృష్ణప్రియ


నందిగామ,
24 అక్టోబరు 2025

చి. కృష్ణప్రియకు.

నీ ఉత్తరం వచ్చేసరికి పెరట్లో కృపారావు మేస్త్రీ ముగ్గు పోస్తున్నాడు. కార్తీకంలో శంకుస్థాపన అనుకున్నాం, అందుకని ముందుగా దారం కట్టి, కాగితంలో ఉన్నట్టే నేల మీద సున్నంతో గదులన్నీ గీయిస్తున్నా. మీ అత్తయ్య ఆ గీతల మధ్య నిలబడి ‘ఇక్కడ పొయ్యి, ఇక్కడ సాయి పుస్తకాలు’ అని మేస్త్రీకి చూపిస్తోంది. నేను వసారాలో నిలబడి ఉత్తరం చదివా. మేస్త్రీని ఆపలేదు. మొత్తం పోయనిచ్చా.

ఆ రోజు నుంచి ఈ జవాబు మొదలుపెడుతూనే ఉన్నా.

రెండో గది సాయికి కాదమ్మా. అతనికి.

అర్థమైందా? నీ జూలై ఉత్తరంలో మీ అన్నయ్య సంబంధాలంటున్నాడని రాశావు. వద్దన్నానని కూడా రాశావు. అది మీ అత్తయ్యకి చదివి వినిపించా. బండ మీద నుంచి లేచి వచ్చి కాగితం నా చేతిలోంచి తీసుకుంది. ‘ఇవాళ వద్దంటుంది. ఎల్లకాలం అంటుందా? ఒక గదిలో ముగ్గురికి ఇరుకు కాదూ?’ అంది. ‘ముగ్గురెవరే?’ అన్నా. ‘రేపు వచ్చే అతను ఎక్కడ పడుకుంటాడండీ, ములగ చెట్టు కిందా?’ అంది. అని, కొంగు నోట్లో కుక్కుకుంది. కొడుకుని కన్నది ఆవిడ. ఆ మాట ఆవిడ నోట్లోంచే వచ్చింది. నేను ఊరికే భవానీప్రసాద్ దగ్గరికి మోసుకెళ్ళా, అంతే.

‘రెండో గదిలో ఎవరుంటారండీ, బాత్రూము లోపల పెట్టాలా?’ అని అతను అడిగాడు. ‘మా అల్లుడు’ అన్నా. ‘మీకు అమ్మాయి లేదుగా?’ అన్నాడు. ‘నీకెందుకోయ్, గియ్యి’ అన్నా.

ఆధార్ ఎందుకంటే, పెరడు నీ పేరునా, నీ తర్వాత సాయి పేరునా రాయిద్దామని. వచ్చే అతను మా దయ మీద ఉన్నట్టు కాకుండా తన భార్య ఇంట్లో ఉన్నట్టు ఉండాలని.

ఇంత ఉండీ ఎందుకు రాయలేదంటావు. సంబంధం అనేదే లేకుండా ‘నీ మొగుడికి గది’ అని కొడుకు పోయిన తండ్రి ఎట్లా రాస్తాడమ్మా? నువ్వు వద్దన్నావు కూడా. తేలనిదాన్ని కాగితం మీద పెట్టడమేంటని ఆగిపోయా. ఇనుము అమ్ముకునే పద్ధతి ఇంట్లో వాళ్ళ దగ్గర పనికిరాదని ఈ వయసులో తెలిసొచ్చింది.

నిన్ను ఆపాలని ఇది రాయట్లేదు. సాయిని లాక్కుంటామని మాత్రం అనుకోకు. ఆ ఒక్కటీ భరించలేం. అతను కూర గురించి అడిగాడన్నావు. మంచివాడే అయ్యుంటాడు. సుఖంగా ఉండు.

వెంకటకృష్ణారావు


జగ్గయ్యపేట,
2 నవంబరు 2025

మామయ్యగారికి, అత్తయ్యగారికి పాదాభివందనాలు.

ఎందుకు రాయలేదు మామయ్యగారూ? ఆగస్టులో ఆ ఒక్క మాట ఎందుకు రాయలేదు?

మీకు తెలియని సంగతి చెబుతాను. చంద్రమౌళి గారు నన్ను మొదటిసారి చూసినప్పుడు ‘మీకు ఎక్కడ ఉండాలని ఉంది? నా షాపు అద్దెదే, ఏ ఊరికైనా మార్చుకోగలను’ అన్నారు. నేను ఏమన్నానో తెలుసా? ‘నాకంటూ ఎక్కడా ఇల్లు లేదండి, మీరు ఎక్కడంటే అక్కడే’ అన్నాను. అప్పటికే మీ ప్లానులో ఆయన గది గీసి ఉంది. ఆ మాట అన్న నోరు పడిపోయినా బాగుండేది.

ఇప్పుడు ఆయన షాపు పక్కనే సొంతంగా ఒక ఇల్లు కొన్నారు, నా కోసమే. వాళ్ళమ్మగారిని ఊరి నుంచి తీసుకొచ్చేశారు. సాయికి అక్కడి స్కూల్లో సీటు మాట్లాడారు. మీ ఉత్తరం ఆయనకి చూపించాను. చదివి, మడిచి నా చేతిలో పెట్టారు. ‘కొన్న ఇల్లు వెనక్కి ఇచ్చెయ్యనా?’ అన్నారు. వద్దన్నాను. నా అనుమానానికి ఆయన చేత ఆ ఇల్లు ఖాళీ చేయించలేను. వాళ్ళమ్మగారైతే దేవుడి గూడు నా చేత్తోనే పెట్టించాలని సామాను విప్పకుండా కూర్చున్నారట.

పెళ్ళికి రమ్మని అడిగే మొహం నాకు లేదు. రావద్దనే ధైర్యమూ లేదు. పెళ్ళికి ముందు వచ్చే ఆదివారం సాయిని ప్రేమదాసుతో పంపిస్తాను. సాయంత్రం దాకా ఉంచుకోండి. నేనే నమ్మి పంపుతున్నాను, అన్నయ్యని అడగలేదు.

ఇంకొక్కటి. అక్కడ మామగారు లేరు, చాలా ఏళ్ళ కిందటే పోయారు. కాబట్టి ఆ పిలుపు మీకే ఉంచుకోవచ్చా?

కృష్ణప్రియ


నందిగామ,
27 నవంబరు 2025

చి.ల.సౌ. కృష్ణప్రియకు మామయ్య ఆశీర్వదించి రాసేది.

ఈసారి కాగితం పాడవలేదు.

పిలుపు ఉంచుకో. అడగాలా?

పెళ్ళిలో మీ అత్తయ్య నీకు బొట్టు పెట్టడం వెనక కథ నీకు తెలియదు. మైలవరం దాకా దారంతా కుంకుమ భరిణె ఒళ్ళో పెట్టుకుని ‘నేను పెట్టొచ్చా? పెడితే ఏమనుకుంటుందో’ అని నా ప్రాణం తీసింది. నువ్వు నుదురు ముందుకు వంచావు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ‘వంచిందండీ’ అని ఒక్క మాటే అంది. ఇంటికొచ్చాక రాజేష్ గదిలోకి వెళ్ళి దుప్పటి తీసి ఉతికింది. ఉతుకుతూ ఏడ్చింది. నేను పంపు తిప్పుతూ ఏడ్చా. అంతా నవ్వుతూ ఉన్నామని రాస్తే నమ్మవుగా.

చంద్రమౌళి నా కాళ్ళకి దండం పెట్టబోతే పట్టుకున్నా. ‘మీ గది పాడు చేశానండీ’ అన్నాడు. ఆ అబ్బాయికి చెప్పు, అతను చేసింది ఏమీ లేదు.

ఆ ఆదివారం సాయి వచ్చింది. తుఫాను వానకి సున్నం సగం కొట్టుకుపోతే మీ అత్తయ్య ముగ్గుపిండితో మళ్ళీ దిద్ది ఉంచింది. పిల్ల గీతలు దాటకుండా, గుమ్మం కోసం వదిలిన ఖాళీలోంచే లోపలికి వెళ్ళింది. ‘నానమ్మా, ఇది ఎవరి గది?’ అని అడిగింది. ‘మీ కొత్త నాన్నదే’ అంది మీ అత్తయ్య. ‘మరి ఆయన ఏడి?’ అంది. తర్వాత ఆ గీతల మధ్యే కూర్చుని ముగ్గురూ అన్నాలు తిన్నాం.

పర్మిషన్ వచ్చింది. ముద్ర వేసిన ప్లాను తెచ్చి ఇస్తూ భవానీప్రసాద్ మిగతా డబ్బు వద్దన్నాడు. చేతిలో పెట్టా. గీతలకి డబ్బులేంటని పోట్లాడినవాణ్ణి నేనే. కానీ ఇన్ని నెలలూ ఆ గీతల్లో మీరందరూ తిరిగారు. మీ అత్తయ్య వేలితో తలుపులు తీసేది, వేసేది. దానికి ఎంతిచ్చినా ఎక్కువ కాదు.

ఇల్లు కట్టట్లేదు. ఎవరి కోసం కడతాం? గీతలు చాలావరకు చెరిగిపోయాయి. అయినా మీ అత్తయ్య ములక్కాడలకి వెళ్ళాలంటే ఇప్పటికీ ఆ గుమ్మం ఉండే చోటునుంచే చుట్టూ తిరిగి వెళ్తోంది.

ఒక్క పని మాత్రం చేశా. పక్క సందు వైపు ప్రహరీ కొట్టించి గేటు పెట్టించా, ప్లానులో ఎక్కడుందో అక్కడే. ‘ఇల్లే లేనిదానికి గేటేంటండీ, ఊళ్ళో నవ్వుతారు’ అని మీ అత్తయ్య అరిచింది. మర్నాడు చూస్తే దానికి పసుపు రాసి ఉంది. మీరు ముగ్గురూ వచ్చినప్పుడు ఆ అబ్బాయి వీధి గుమ్మంలో రాజేష్ ఫొటో ముందు నుంచి రావడానికి ఇబ్బంది పడతాడు. అటునుంచి రండి. లోపల ములగ చెట్టు కింద కుర్చీలు వేస్తాం.

గేటుకి గడియ పెట్టించలేదు. చేత్తో తోస్తే తెరుచుకుంటుంది.

నీ మామయ్య